ఏ వయసు పిల్లలకి ఎంత నిద్ర కావాలి?

(తెర మీద: రాత్రి తొమ్మిది. నాలుగేళ్ల పాప ఇల్లంతా పరుగులు తీస్తోంది.)

ఈ పాపని చూడండి. మంచం మీంచి దూకుతోంది, బొమ్మలు విసిరేస్తోంది, "వద్దమ్మా" అంటే చాలు ఏడుపు లంకించుకుంటోంది. "దీనికి నిద్రే రాదు, ఎంత ఎనర్జీయో!" అంటారు ఇంట్లోవాళ్లు. కానీ ఆ పాపకి నిద్ర వేళ ఎప్పుడో దాటిపోయింది. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు నీరసంగా కూలబడతారు. చిన్నపిల్లల్లో చాలామందికి గెంతులు, చిరాకు, పేచీ ఎక్కువవుతాయి. అందుకే వాళ్లకి నిద్ర తక్కువైన సంగతి మనం తొందరగా పోల్చుకోలేం.

మరి ఎంత నిద్ర కావాలి?

(తెర మీద: వయసుల వారీగా పట్టిక.)

పుట్టినప్పటి నుంచి మూడు నెలల దాకా 14 నుంచి 17 గంటలు. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు 12 నుంచి 16. ఏడాది, రెండేళ్ల వయసులో 11 నుంచి 14. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 8 నుంచి 10. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం చెప్పిన లెక్కలివి.

ఐదేళ్ల లోపు పిల్లలకి ఈ గంటల్లో పగటి నిద్ర కూడా కలిసే ఉంటుంది. రాత్రి పది గంటలు పడుకుని, మధ్యాహ్నం రెండు గంటలు కునుకు తీసిన రెండేళ్ల బాబుకి 12 గంటలు అయినట్టే. పక్కింటి బాబు 13 గంటలు పడుకుంటున్నాడని మీరు టెన్షన్ పడక్కర్లేదు. లేపకుండానే లేచి, పగలంతా హుషారుగా ఆడుకుంటుంటే ఆ నిద్ర మీ బాబుకి సరిపోతున్నట్టే.

ఇప్పుడు పసికందు దగ్గరికి వద్దాం.

(తెర మీద: నిద్రపోతున్న పసిపాప ముఖం, బాగా దగ్గరగా.)

మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతున్నాయి, చూశారా? పెదాలు చప్పరిస్తోంది, చెయ్యి విదిలిస్తోంది, సన్నగా మూలుగుతోంది. మెలకువ వచ్చిందనుకుని వెంటనే ఎత్తుకుంటాం, అప్పుడు నిజంగానే లేచి కూర్చోబెట్టేస్తుంది మనల్ని! అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో దాదాపు సగం ఇలా కదులుతూనే సాగుతుంది. ఒక్క నిమిషం ఆగి చూడండి. చాలాసార్లు వాళ్లే సర్దుకుని మళ్లీ పడుకుంటారు.

మొదటి వారాల్లో పిల్లలకి రాత్రి, పగలు అన్న తేడా తెలియదు. రెండు మూడు నెలలకి మెల్లగా కుదురుకుంటుంది. పగలు ఇంట్లోకి వెలుతురు బాగా రానివ్వండి. రాత్రి పాలిచ్చేటప్పుడు దీపం తగ్గించి, మాటలు తగ్గించండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఏడాది నిండేదాకా ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. పక్కన దిండ్లు, మెత్తటి బొమ్మలు, వదులు దుప్పట్లు వద్దు. ముఖానికి అడ్డం పడితే పసిపిల్లలు తప్పించుకోలేరు.

ఏడాదిన్నర వచ్చేసరికి పగటి కునుకులు రెండు పోయి ఒకటి మిగులుతుంది. మూడు నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది అదీ మానేస్తారు. మానేసిన కొత్తలో రాత్రి కాస్త ముందే పడుకోబెట్టండి.

బడి పిల్లల విషయంలో లెక్క వెనక నుంచి వెయ్యండి. ఎనిమిదేళ్ల పాప ఉదయం ఆరున్నరకి లేవాలా? కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రలో ఉండాలి. అంటే పక్క ఎక్కేది తొమ్మిదికే. పది గంటలు పడుకుంటే తప్ప హుషారుగా ఉండని పిల్లయితే ఇంకా ముందే. ఎక్కువ ఇళ్లలో గంట తగ్గేది ఇక్కడే. పగలు నేర్చుకున్నది మెదడు పదిలపరుచుకునేది నిద్రలోనే కాబట్టి, ఆ గంటని తీసుకెళ్లి హోంవర్క్‌కి ఇవ్వడం పిల్లలకి నష్టమే.

టీనేజీ పిల్లల్ని మాత్రం మనం అన్యాయంగా తిడుతున్నాం.

(తెర మీద: రాత్రి పదకొండున్నర. పదిహేనేళ్ల అబ్బాయి కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.)

నిద్ర వేళ అయిందని ఒంటికి చెప్పే హార్మోన్ మెలటోనిన్. యవ్వనం మొదలయ్యాక అది రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. దాంతో నిద్ర వేళ రెండు గంటల దాకా వెనక్కి జరగొచ్చు. పదింటికి పడుకోమంటే ఆ అబ్బాయికి నిద్ర పట్టదు. పొద్దున్న ఆరింటికి లేపితే లేవలేడు. అది బద్ధకం కాదు, వయసు తెచ్చిన మార్పు. అందుకే హైస్కూళ్లు ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. స్కూలు టైము మన చేతిలో లేదు, నిజమే. కానీ పడుకునే ముందు గంట సేపు ఫోన్ పక్కన పెట్టించడం, లేవగానే ఎండ తగిలేలా చూడడం మనం చెయ్యగలం. సెలవు రోజున ఓ గంట ఎక్కువ పడుకోనివ్వండి. మధ్యాహ్నం దాకా పడుకుంటే మాత్రం ఆ రాత్రి నిద్ర ఇంకా వెనక్కి పోతుంది.

గంటలు సరిపోతున్నా పిల్లలు పగలు నీరసంగానో, చిరాగ్గానో ఉంటే, రాత్రి ఓసారి పక్కన కూర్చుని వినండి. దాదాపు రోజూ గురక పెడుతున్నారా? నోరు తెరుచుకుని పడుకుంటున్నారా? మధ్యలో ఊపిరి ఆగి, ఒక్కసారిగా ఎగపీలుస్తున్నారా? టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ వాచి గాలికి అడ్డం పడితే ఇలా అవుతుంది. దీనికి చికిత్స ఉంది. ఫోన్‌లో కాసేపు వీడియో తీసి పిల్లల డాక్టరుకి చూపించండి. పగలు పరీక్ష చేస్తే డాక్టరుకి ఆ గురక వినపడదు కదా.