నాన్న కథలు, బాబాయి పాత కంప్యూటరు

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఈ వారం నాతో మాట్లాడడానికి మా బాబాయి వచ్చారు. తెనాలిలో 1997 నుంచి డీటీపీ, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చే పని చేస్తున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, పంచాంగాలు, అన్నీ ఆయన చేతి మీదుగా అచ్చుకు వెళ్లినవే. బాబాయ్, మీ దుకాణంలో కంప్యూటరు మార్చిన రోజుతోనే మొదలుపెడదామా?

బాబాయి: మొదలుపెట్టమ్మా. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని తెలుసు కదా. ఆ గడువు దాకా ఆగకుండా రెండు నెలల ముందే మారాను. నా పాత యంత్రంలో ఉన్నది 32 బిట్ విండోస్. విండోస్ 11 అయితే 64 బిట్‌గానే వస్తుంది. ఉన్నదాని మీద ఎక్కించే దారి లేదు, కొత్తదే కొన్నాను. ఫైళ్లన్నీ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, మళ్లీ లెక్క చూసుకుని, పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు నువ్వు వచ్చావు.

వ్యాఖ్యాత: నాన్న కథల పుస్తకం రెండో ముద్రణ కోసం వచ్చాను. మీరే 2004లో కంపోజ్ చేసిన పుస్తకం. 160 పేజీలు, ఫారానికి 16 పేజీల లెక్కన సరిగ్గా 10 ఫారాలు. ఆ ఫైలు తెరిచినప్పుడు నేను మీ పక్కనే ఉన్నాను. అంచులు, పేజీ నంబర్లు, బొమ్మలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అక్షరాలు మాత్రం తెలుగు కావు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ అక్షరాలు, పౌండు గుర్తులు, మధ్యమధ్య ఖాళీ పెట్టెలు. నాన్న పేరు ఉండాల్సిన చోట కూడా అవే. పుస్తకం పోయిందనే అనుకున్నాను బాబాయ్. నాన్న ఇప్పుడు లేరు. చేతిరాత ప్రతి కూడా మా దగ్గర లేదు.

బాబాయి: నీ ముఖం చూశాక నాకూ నోట మాట రాలేదు. కానీ పుస్తకం పోలేదు. తెలుగు రాసేవాళ్లందరికీ తెలియాల్సిన విషయం ఒకటి ఇక్కడే ఉంది. ఆ ఫైలులో తెలుగు అసలు ఎప్పుడూ లేదు.

వ్యాఖ్యాత: అంటే?

బాబాయి: అప్పట్లో మేము వాడిన ఫాంట్లలో ఒక్కోదానికి 256 గళ్లు మాత్రమే ఉండేవి. అవి ఇంగ్లీషు కోసం ఏర్పడిన గళ్లు. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు ముక్క ఒకటి కూర్చోబెట్టేవాళ్లు. ఒకదాంట్లో తలకట్టు, ఒకదాంట్లో కొమ్ము, ఇంకోదాంట్లో క్రావడి. అన్ని ఒత్తులూ గుణింతాలూ పట్టక ఒకే వాక్యానికి రెండు మూడు ఫాంట్లు వాడిన రోజులున్నాయి. ఫైలులో మిగిలేది గడి నంబరే. ఆ నంబరుకు తెలుగు ఆకారం తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే కంప్యూటరు ఆ గడిలో తనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరమే చూపిస్తుంది. మీ నాన్న రాసింది అక్కడే ఉంది, వేషం మాత్రం మారింది.

వ్యాఖ్యాత: మరి ఫాంట్లు కొత్త కంప్యూటర్లోకి ఎందుకు రాలేదు?

బాబాయి: వాటిని తెచ్చే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరే ఎక్కలేదు. పేరు చెప్పను. 20 ఏళ్లు నాకు అన్నం పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. దానికి డాంగిల్ అనే చిన్న తాళం లాంటి పరికరం ఉంటుంది, అది గుచ్చితేనే పని చేస్తుంది. ఆ డాంగిల్‌ను కంప్యూటరు గుర్తించేలా చేసే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, 32 బిట్‌ది. 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రోగ్రాములను నడుపుతుంది, అందుకే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరుచుకుంది. డ్రైవర్లను మాత్రం 32 బిట్‌వి తీసుకోదు. ఈ తేడా తెలియకే చాలామంది వారం రోజులు డాంగిల్‌ను ఈ పోర్టు నుంచి ఆ పోర్టుకు మార్చుకుంటూ కూర్చుంటారు. నేనూ రెండు రోజులు అదే చేశాను.

వ్యాఖ్యాత: ఫైలు తెరిచేటప్పుడు ఒక చిన్న కిటికీ వచ్చింది, గుర్తుందా? మీరు చదవకుండానే ఓకే నొక్కారు.

బాబాయి: అది నా తప్పే. ఫలానా ఫాంటు లేదు, దాని బదులు ఇది వేస్తున్నాను, తాత్కాలికంగానా శాశ్వతంగానా అని అడిగే కిటికీ అది. శాశ్వతం అని చెప్పి, ఆ తర్వాత ఫైలు సేవ్ చేసి ఉంటే, ఏ వాక్యం ఏ ఫాంటులో ఉందో ఆ గుర్తులు కూడా చెరిగిపోయేవి. రెండు మూడు ఫాంట్లు కలిసిన పుస్తకంలో అది చాలా పెద్ద నష్టం. నా అదృష్టం, సేవ్ చేయలేదు. వింటున్నవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి. అప్‌గ్రేడ్ తర్వాత పాత ఫైలు వింతగా కనిపిస్తే మొట్టమొదట చేయాల్సింది, దాన్ని సేవ్ చేయకుండా మూసేయడం.

వ్యాఖ్యాత: ఆ తర్వాత మీరు అటక మీద నుంచి పాత యంత్రం దింపారు.

బాబాయి: ముందే అమ్మేద్దామనుకున్నాను, 3,000 రూపాయలకు అడిగారు కూడా. మీ పిన్ని వద్దంది. ఇంకా అన్నీ తెరిచి చూసుకోలేదు కదా, అప్పుడే ఎందుకు అంది. ఆ ఒక్క మాటతో మీ నాన్న పుస్తకం దక్కింది. దాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా పెట్టి మొదట మీ నాన్న పుస్తకానికి ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ తీశాను. అప్పుడు పేజీ ఎలా ఉండాలో కళ్లతో చూసే సాక్ష్యం ఒకటి చేతికొస్తుంది. తర్వాత విండోస్ ఫాంట్ల ఫోల్డర్ నుంచి ఆ తెలుగు ఫాంట్లన్నీ కొత్తదానిలోకి తెచ్చాను. ఫైలు తెరవగానే తెలుగు కనిపించింది.

వ్యాఖ్యాత: నాకు ఏడుపొచ్చింది అప్పుడు. అయితే పని అయిపోలేదు.

బాబాయి: ఎలా అవుతుంది? కనిపిస్తుంది కానీ అక్షరం దిద్దడానికి టైపింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. పైగా పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. దాని ఫైళ్లను దాని తర్వాతి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ దాకా తెరిచింది, సీసీ వెర్షన్ వచ్చాక ఆ దారి మూసేశారు. ప్రతి భాష అక్షరానికీ దాని సొంత నంబరు ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటారు, పేజ్‌మేకర్‌కు అదే తెలియదు. ఇంకో అప్‌గ్రేడ్ వస్తే మళ్లీ ఇదే కథ. అందుకే పుస్తకం మొత్తాన్ని యూనికోడ్‌కు మార్చేద్దామన్నాను.

వ్యాఖ్యాత: ఒక ప్రశ్న మధ్యలో అడుగుతాను. ఇన్ని తిప్పలున్నప్పుడు అసలు అప్‌గ్రేడ్ ఎందుకు, పాతదే నడుపుకుంటాను అనేవాళ్లు చాలామంది ఉన్నారు.

బాబాయి: ఇంటర్నెట్‌కు కలపని యంత్రమైతే సరే. కలిపినదైతే ఒప్పుకోను. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చింది, గుర్తుందా? ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరే కంతను మూసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. నా దగ్గర ఉన్నవి ఊరి జనం పుస్తకాలమ్మా, వాటికి తాళం పడనిచ్చే హక్కు నాకు లేదు.

వ్యాఖ్యాత: ఐఫోన్‌లో మన తెలుగు అక్షరం గొడవ కూడా అంతే కదా? 2018 ఫిబ్రవరిలో.

బాబాయి: జ్ఞా. జ కింద ఞ ఒత్తు, దాని తర్వాత కనిపించని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ వరసలో ఉన్న అక్షరం సందేశంలో వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది. ఫిబ్రవరి 19న 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. జ్ఞానానికి మొదటి అక్షరాన్ని ప్రపంచమంతా ఒక వారం పాటు భయంగా చూసింది. నాకది చాలా బాధ కలిగించింది. మన లిపిని మొదటి నుంచీ సరిగ్గా పరీక్షించి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు.

వ్యాఖ్యాత: ఆ కనిపించని గుర్తు మనకూ తగిలింది.

బాబాయి: వస్తాను, అక్కడికే వస్తాను. ముందు మార్పిడి సంగతి. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి. అయితే వాటిని గుడ్డిగా నమ్మకూడదు. పాత పద్ధతిలో అక్షరాన్ని కంటికి కనిపించే వరసలో కొడతాం. స్త్రీ అని కొట్టాలంటే ముందు సీ, తర్వాత త ఒత్తు, తర్వాత క్రావడి. యూనికోడ్ పలికే వరసలో దాచుకుంటుంది. స, త, ర, చివరన ఈ. ఆ గుడి దీర్ఘాన్ని మొదటి నుంచి చివరకు జరపడం కన్వర్టర్ పని. జరపకపోతే అక్షరం విరిగిపోతుంది. మీ నాన్న కథల్లో శాస్త్రి గారు ఉన్నారు చూడు...

వ్యాఖ్యాత: అవును, "శాసి్త్ర" అని పడింది, ప్రతి చోటా. అంతర్జాలంలో పాత వార్తల్లో "కి్రకెట్" అని కనిపిస్తుంటుంది, అదీ ఇదేనా?

బాబాయి: అదే జబ్బు. గుడి, గుడి దీర్ఘం ఉన్న అక్షరానికి క్రావడి తగిలిన ప్రతి చోటా వెతకాలి. ఒకసారి నమూనా పట్టుకుంటే వెతికి మార్చే ఆదేశంతో వందల తప్పులు ఒకేసారి పోతాయి. మిగిలినవి మాత్రం మనిషి చదవాల్సిందే. నువ్వు తొమ్మిది సాయంత్రాలు కూర్చుని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ప్రూఫులు చూశావు. నేను ఎన్నడూ పట్టుకోలేని తప్పులు నువ్వు పట్టుకున్నావు, మీ నాన్న మాట తీరు నీకు తెలుసు కాబట్టి.

వ్యాఖ్యాత: అంతా అయ్యాక ఇన్‌డిజైన్‌లో పోస్తే మళ్లీ ఒత్తులు విడిపోయాయి. అప్పుడు మాత్రం నాకు ఓపిక పోయింది.

బాబాయి: అది రెండు నిమిషాల పని అని తెలియక రెండు గంటలు పోయాయి. పారాగ్రాఫ్ పలకలో మూలన ఉన్న మెనూ తెరిస్తే కంపోజర్ ఏదో అడుగుతుంది. అక్కడ వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. మామూలు కంపోజర్‌కు భారతీయ లిపుల ఒత్తులు కలపడం రాదు. ఫాంటు బాగాలేదని, కన్వర్టర్ బాగాలేదని జనం అనుమానపడతారు, అసలు కారణం ఈ ఒక్క ఎంపిక. ఇక ఆ కనిపించని గుర్తు. పాడ్‌కాస్ట్ అని రాసినప్పుడు డ్ కింద క ఒత్తుగా పడకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. కొన్ని పాత ఫాంట్లలో అది పెట్టెలా కనిపిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మింగేస్తాయి. ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే వెతికినప్పుడు ఒకే మాట రెండు మాటలుగా కనిపిస్తుంది. పుస్తకమంతా ఒకే తీరున పెట్టుకున్నాం కాబట్టి ఇప్పుడు ఇబ్బంది లేదు.

వ్యాఖ్యాత: డీటీపీ చేయని మామూలు మనుషులకు ఏమి చెబుతారు? వర్డ్‌లో ఉత్తరాలు, అర్జీలు రాసుకునేవాళ్లకు?

బాబాయి: వాళ్లవి చాలావరకు యూనికోడ్‌లోనే ఉంటాయి, భయం లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి ఫాంటులో రాసుకున్నవాళ్లు చాలామంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ అదనపు సదుపాయంగా మారాయి. తెలుగు భాషను జోడించకపోతే అవి ఉండకపోవచ్చు. అప్పుడు నిర్మలా యూఐ లాంటి వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. తెలుగు చదవగలం గానీ పంక్తులు జరిగి, రెండు పేజీల అర్జీ మూడో పేజీకి పాకుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ జోడించుకుంటే మళ్లీ కుదురుకుంటుంది. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఇదే సమస్యతో ప్రింటరు మార్చేశారు పాపం. ప్రింటరు తప్పు ఏమీ లేదు.

వ్యాఖ్యాత: పాత కంప్యూటరు మీదనే 11 ఎక్కించుకున్నవాళ్లకు వెనక్కి వెళ్లే దారి ఉందా?

బాబాయి: ఉంది, 10 రోజులు. సెట్టింగ్స్‌లో రికవరీ అనే చోట. ఆ 10 రోజుల్లోనే ముఖ్యమైన ప్రతి ఫైలూ తెరిచి చూడాలి, ప్రింటు తీసి చూడాలి, బ్యాంకు పనీ పన్ను పనీ ఒకసారి నడిపి చూడాలి. స్థలం చాలడం లేదని విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్ తీసేస్తే వెనక్కి వెళ్లే దారి కూడా పోతుంది. అయినా ఫైళ్ల నకలు వేరే డిస్కులో ముందే ఉండాలి, అది వేరే చెప్పాలా.

వ్యాఖ్యాత: మన ఊళ్లలో ఇలాంటి ఫైళ్లు ఇంకా ఎన్ని ఉంటాయంటారు?

బాబాయి: లెక్క చెప్పలేను గానీ, నా ఒక్క దుకాణంలోనే 400కు పైగా పుస్తకాలున్నాయి. గ్రామ చరిత్రలు, బడి వార్షిక సంచికలు, పేరు తెలియని కవుల మొదటి సంపుటాలు. వాటిలో కొన్నిటికి అచ్చు ప్రతి ఇప్పుడు ఎక్కడా లేదు. ప్రతి తాలూకా కేంద్రంలో నాలాంటి దుకాణం ఒకటైనా ఉండేది. ఆ పాత యంత్రాలు తుక్కుకు వెళ్లకముందే కనీసం పీడీఎఫ్‌లు తీసి పెట్టమని నా తోటి ఆపరేటర్లను చేతులు జోడించి అడుగుతున్నాను. రాత్రి పడుకునే ముందు ఒక పుస్తకం చొప్పున తీసినా చాలు, నేను అలాగే చేస్తున్నాను. ఇప్పటికి 61 అయ్యాయి.

వ్యాఖ్యాత: నాన్న బీరువాలో సీడీలున్న డబ్బా ఒకటి ఉంది బాబాయ్. పైన మీ దస్తూరీతో "అన్నయ్య, అచ్చు కానివి" అని రాసి ఉంది.

బాబాయి: అచ్చు కానివా? అవి అన్నయ్య దగ్గరే ఉన్నాయా! నా దగ్గర పోయాయనుకున్నాను. ఎండ తగలకుండా గుడ్డలో చుట్టి తీసుకురా అమ్మా. కొత్తదానికి సీడీ డ్రైవ్ లేదు, పాతదానికి ఉంది. ఆదివారం దుకాణం మూసే ఉంటుంది, పొద్దున్నే వచ్చేయ్.