వెంటిలేటర్ మోడ్‌లు: యంత్రం దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది?

[తెర మీద: వెంటిలేటర్ స్క్రీన్. పీడనం, ప్రవాహం, పరిమాణం చూపే మూడు గీతలు కదులుతుంటాయి. పైన ఓ మూల మోడ్ పేరు.]

నమస్కారం. ఐసీయూలో కొత్తగా డ్యూటీకి చేరిన నర్సులనూ జూనియర్ డాక్టర్లనూ మొదట కంగారు పెట్టేది పైన మూలనున్న ఆ పేరే. అసిస్ట్ కంట్రోల్, ప్రెజర్ కంట్రోల్, ఎస్ఐఎంవీ, ప్రెజర్ సపోర్ట్... కంపెనీ మారితే పేర్లూ మారతాయి. కాబట్టి వాటిని బట్టీ పట్టవద్దు. ఏ మోడ్ కనిపించినా మూడు విషయాలు అడగండి. శ్వాసను మొదలుపెడుతున్నది రోగా, యంత్రమా? గాలి లోపలికి వెళ్లేటప్పుడు యంత్రం స్థిరంగా ఉంచుతున్నది పరిమాణాన్నా, పీడనాన్నా? ఆ శ్వాస ఎప్పుడు ముగుస్తుంది?

రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. నా దృష్టిలో అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

[తెర రెండు భాగాలవుతుంది. ఎడమవైపు వాల్యూమ్ కంట్రోల్, కుడివైపు ప్రెజర్ కంట్రోల్.]

ఇద్దరు రోగులు. ఇద్దరికీ ప్రతి శ్వాసకు సుమారు 400 మిల్లీలీటర్ల గాలి అందుతోంది. ఇద్దరికీ ఒకేసారి శ్వాసగొట్టంలో కఫం అడ్డుపడింది అనుకుందాం.

ఎడమవైపు చూడండి. 400 ఇవ్వమని మనం చెప్పాం కాబట్టి యంత్రం ఆ గాలిని నెట్టడానికే చూస్తుంది. పీడనం పెరిగి అలారం మోగుతుంది. అప్పుడు శ్వాస లోపలికి వెళ్లిన చివర అర సెకను ఆపి చూడండి. ఆ విరామంలో కనిపించేదే ప్లాటో పీడనం. గరిష్ఠ పీడనం పెరిగి, ప్లాటో మామూలుగా ఉంటే ఇబ్బంది దారిలో ఉంది: కఫం, మడత పడిన గొట్టం, బిగుసుకున్న శ్వాసనాళాలు. రెండూ పెరిగితే ఊపిరితిత్తినీ దాని చుట్టుపక్కలనూ అనుమానించాలి: ఛాతీలో గాలి చేరడం, ఊపిరితిత్తుల్లో నీరు, గొట్టం ఒకవైపు నాళంలోకి జారిపోవడం.

ఇక కుడివైపు. పీడనం గీత ఏమీ మారలేదు, అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ గాలి 400 నుంచి 250కి, ఆపైన 150కి పడిపోతోంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోంది. తక్కువ పరిమాణానికి అలారం సరిగా పెట్టకపోతే యంత్రం చప్పుడే చేయదు. అందుకే ప్రెజర్ కంట్రోల్‌లో ఉన్న రోగి దగ్గరికి వెళ్లగానే బయటికి వస్తున్న గాలి ఎంతో చూడండి. ఊపిరితిత్తులు కోలుకుంటున్నప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. అదే పీడనానికి ఇప్పుడు 600 వెళ్లవచ్చు, అది ఎక్కువ.

[తెర మీద: టేపుతో రోగి ఎత్తు కొలుస్తున్న నర్సు.]

ఎంత గాలి ఇవ్వాలి? ఏఆర్‌డీఎస్, అంటే ఊపిరితిత్తులు తీవ్రంగా వాచి నీరు చేరిన స్థితిలో ఉన్న రోగులపై అమెరికాలో జరిగి 2000లో వెలువడిన పరిశోధన దీనికి గట్టి జవాబిచ్చింది. 861 మందిలో కొందరికి కిలోకు 12 మిల్లీలీటర్లతో, మిగతావారికి 6తో చికిత్స మొదలుపెట్టారు. మరణాలు మొదటి వర్గంలో 39.8 శాతం, రెండో వర్గంలో 31 శాతం. రెండో వర్గంలో ప్లాటో పీడనాన్ని 30 సెంటీమీటర్ల (నీటి మట్టం ఎత్తుతో కొలిచే పీడనం) లోపు ఉంచాలని చూశారు. ఇక్కడ కిలో అంటే రోగి అసలు బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కకట్టిన బరువు. 170 సెంటీమీటర్ల పురుషుడికి అది 66 కిలోలు. ఆయన 100 కిలోలు ఉన్నా ఊపిరితిత్తులు పెద్దవి కావు. దయచేసి ఎత్తును కంటితో అంచనా వేయవద్దు, కొలవండి.

మొదటి ప్రశ్నకు వద్దాం. అసిస్ట్ కంట్రోల్‌లో రోగి మొదలుపెట్టినా, యంత్రం మొదలుపెట్టినా ప్రతి శ్వాసకూ నిర్ణయించిన గాలి పూర్తిగా అందుతుంది. అలసిన రోగికి ఇది విశ్రాంతినిస్తుంది. కానీ ఆస్తమా, సీఓపీడీ (శ్వాసనాళాలు దీర్ఘకాలంగా ఇరుకైపోయే జబ్బు) రోగులు వేగంగా శ్వాస తీసుకుంటే గాలి బయటికి పోయే వ్యవధి చాలదు. లోపల చిక్కుకున్న గాలి గుండెకు చేరే రక్తాన్ని అడ్డుకుంటుంది, బీపీ పడిపోతుంది. ప్రవాహం గీత సున్నాకు చేరకముందే తర్వాతి శ్వాస మొదలవుతోందేమో గమనించండి.

1970లలో వచ్చిన ఎస్ఐఎంవీ కొన్ని శ్వాసలను యంత్రానికీ, మిగతావి రోగికీ పంచుతుంది. రోగిని యంత్రం నుంచి క్రమంగా విడిపించడానికి బాగా వాడేవారు. 1994, 1995లలో వెలువడిన రెండు పరిశోధనల్లో ఈ పద్ధతే వెనకబడింది.

[తెర మీద: ప్రెజర్ సపోర్ట్ ప్రవాహం గీత, కిందికి దిగుతూ.]

ప్రెజర్ సపోర్ట్‌లో ప్రతి శ్వాసనూ రోగే మొదలుపెట్టాలి. మూడో ప్రశ్నకు ప్రాణం వచ్చేది ఇక్కడే. లోపలికి వెళ్లే ప్రవాహం గరిష్ఠ స్థాయిలో సాధారణంగా 25 శాతానికి తగ్గగానే యంత్రం శ్వాసను ముగిస్తుంది. ఎక్కడైనా గాలి లీకవుతుంటే ప్రవాహం అంతవరకు తగ్గదు, శ్వాస సాగుతూనే ఉంటుంది, రోగి యంత్రంతో పెనుగులాడతారు. మత్తు పెంచే ముందు లీకు వెతకండి. రోగి శ్వాస ఆగితే ఆదుకునే బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

యంత్రం నుంచి విడిపించే పరీక్షకు ఎక్కువగా వాడేదీ ఈ మోడే. సపోర్ట్‌ను 5 నుంచి 8 సెంటీమీటర్లకు తగ్గించి, అరగంట నుంచి రెండు గంటల వరకు రోగి పక్కనే ఉండి గమనిస్తారు. శ్వాసలు నిమిషానికి 35 దాటినా, ఆక్సిజన్ తగ్గినా, మెడ కండరాలు లాగుతున్నా, చెమటలు పట్టినా ఆపి పాత మోడ్‌కు మార్చండి. కారణం వెతికి సరిచేసి, మర్నాడు మళ్లీ పరీక్షించండి.