మాల తీశాక మళ్ళీ మందు

(తాగుడు మానడం, గ్రూప్ కౌన్సెలింగ్‌పై ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమం. జవాబులు చెప్పినవారు డీఎడిక్షన్ గ్రూపులు నడిపే మానసిక వైద్యులు. ఫోన్ చేసినవారి పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. డాక్టర్ గారు స్టూడియోలోకి వస్తూనే "ఇవాళ సలహాలు తక్కువ ఇస్తాను" అన్నారు. సలహాల కార్యక్రమానికొచ్చి ఇదేం మాటండీ?

డాక్టర్: (నవ్వు) తాగుడు విషయంలో సలహాలకు కరువేముందండీ. అత్తగారి దగ్గర్నుంచి టీ కొట్టు ఆయన దాకా అందరూ ఇచ్చేశారు. నేను కాసిని ప్రశ్నలు అడుగుతాను.

వ్యాఖ్యాత: మొదటి కాల్ నర్సరావుపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా ఆయన ఆటో నడుపుతారు. పన్నెండేళ్ళ నుంచి తాగుడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఏదో గ్రూపుంది, పంపించు వదినా అని మా ఆడపడుచు అంటోంది. పదిమంది తాగుబోతుల్ని ఒకచోట కూర్చోబెడితే బాగుపడతారా సార్, ఇంకా చెడతారా?

డాక్టర్: చెడే వీలు కూడా ఉందమ్మా, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ పన్నెండేళ్ళలో ఆయన తాగని రోజులు ఉన్నాయా?

శ్రోత: ఎక్కడివి సార్... ఆ, ఏటా అయ్యప్ప మాల వేస్తారు. ఆ మండలం ముట్టరు. కొండకెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలు. అదేం భక్తో!

డాక్టర్: ఎన్నిసార్లు వేశారు?

శ్రోత: ఆరుసార్లు.

డాక్టర్: 41 చొప్పున ఆరుసార్లంటే 246 రోజులు. ఎనిమిది నెలలమ్మా.

శ్రోత: ...అట్లా ఎప్పుడూ లెక్కెయ్యలేదు సార్.

డాక్టర్: ఇంట్లోవాళ్ళకి మాల తీసిన సాయంత్రమే గుర్తుంటుంది. నా కన్ను ఆ 41 రోజుల మీద పడుతుంది. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, సాయంత్రం పూజ, పక్కన తోటి స్వాములు, వీధిలో అందరూ "స్వామీ" అని పిలవడం. బెల్టు షాపు వాడు కూడా స్వామికి పొయ్యడు. వీటిలో మాల తీశాక కూడా అట్టే పెట్టుకోగలిగింది ఏదైనా ఉందా? ఆయన్ని గ్రూపులో మేం అడిగేది ఇదే. జవాబు మాత్రం ఆయనే చెప్పాలి.

వ్యాఖ్యాత: ఇలా అడగడానికి ఒక పద్ధతి ఉందన్నారు మీరు.

డాక్టర్: పరిష్కార కేంద్రిత సంక్షిప్త చికిత్స అంటారు. నోరు తిరగదు, మేం ఎస్ఎఫ్‌బీటీ అనేస్తాం. స్టీవ్ డి షేజర్, ఇన్‌సూ కిమ్ బెర్గ్ అనే భార్యాభర్తలు అమెరికాలోని మిల్వాకీలో 1978లో ఒక కేంద్రం పెట్టారు. అక్కడ రూపు దిద్దుకుంది. జబ్బు ఎందుకొచ్చింది, నాన్న తాగేవాడా, ఇలాంటివి తవ్వుకుంటూ కూర్చోకుండా, సమస్య లేని గంటలు ఏవో వెతకడం. ఒకామె విసిగిపోయి "ఏదో అద్భుతం జరిగితే తప్ప నా బతుకు బాగుపడదు" అందట. బెర్గ్ దాన్నే పట్టుకుంది. ఇవాళ రాత్రి మీరు నిద్రలో ఉండగా ఆ అద్భుతం జరిగిపోయిందనుకోండి, పొద్దున లేవగానే మీకు మొదట ఏం తేడా కనిపిస్తుంది? ఇప్పటికీ మేం ఇదే అడుగుతాం. మనవాళ్ళు కోట్లు అడుగుతారనుకున్నాను. "మా పాప నన్ను చూసి పక్క గదిలోకి పోదు" అన్నాడొకాయన. గ్రూపంతా కాసేపు మాట్లాడలేదు.

శ్రోత: ఇంతకీ ఇంట్లో నేనేం చెయ్యను సార్?

డాక్టర్: ఒక వారం ఆయన తాగని పూటలు, తక్కువ తాగిన పూటలు గుర్తుపెట్టుకోండి. వాటిలో ఒక్కదాని గురించి, పొద్దున ఆయన మామూలుగా ఉన్నప్పుడు చెప్పండి. "నిన్న తొందరగా వచ్చారు, పిల్లలు మీతో కూర్చుని తిన్నారు", అంతే. "రోజూ ఇలా ఉండొచ్చుగా" అని తోక తగిలించొద్దు. ఇంకోటి. చెయ్యి చేసుకుంటారా?

శ్రోత: లేదు సార్. అరుపులే.

డాక్టర్: వినేవాళ్ళలో ఎవరికైనా దెబ్బల బాధ ఉంటే ఈ మెచ్చుకోళ్ళు పక్కన పెట్టి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. అలాగే రోజూ పొద్దున్నుంచే తాగేవాళ్ళు, తాగకపోతే చేతులు వణికేవాళ్ళు మాల కోసమైనా సరే ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టరు, తర్వాత మాల.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఇంకో కాల్. మీరు కూడా కౌన్సెలరేనట కదమ్మా?

శ్రోత: అవును మేడమ్, కొత్తగా చేరాను. సార్, మా గ్రూపులో పదిమంది. ఒకాయన్ని కొడుకులు బలవంతంగా తీసుకొచ్చి దించారు. చేతులు కట్టుకుని "నాకేం ప్రాబ్లం లేదు" అంటాడు. మిగతావాళ్ళు ఆయన మీద పడతారు, "మేమూ అట్లనే అన్నం పెద్దాయనా, లివర్ పోయినంక తెలుస్తది" అని. పోయిన వారం లేచి వెళ్ళిపోయాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: వాళ్ళు మీదపడుతుంటే మీరేం చేశారు?

శ్రోత: నిజం చెప్పాలంటే... నేనూ రెండు మాటలు కలిపాను.

డాక్టర్: (నవ్వు) నా మొదటి గ్రూపులో నేను పది కలిపానమ్మా. చార్టు కూడా చూపించాను, కాలేయం బొమ్మతో. ఎదుటివాణ్ణి సరిదిద్దాలనే ఉబలాటం మనకే ఎక్కువ. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో రాసిన వ్యాసంతో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ మొదలైంది, అంటే మారాలన్న మాట ఎదుటిమనిషి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి. అది తాగుడు సమస్య ఉన్నవాళ్ళ గురించే. పదేళ్ళ తర్వాత ఆయన బృందం ఒక సంగతి గమనించింది. కౌన్సెలరు ఎంత నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నాడు. మందు మానాలా వద్దా అని వాడి లోపలే రెండు గొంతులుంటాయి. "మానాలి" అనేది మనమే అందుకుంటే వాడికి మిగిలేది రెండోదే.

శ్రోత: మరి గ్రూపును ఎట్లా ఆపాలి సార్?

డాక్టర్: మొదటి రోజే ఒక ఒప్పందం. ఎవరికైనా ఏదైనా చెప్పాలనుంటే ముందు "చెప్పమంటారా" అని అడగాలి, అతను సరేనంటేనే చెప్పాలి. వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకోవచ్చు, పక్కవాడి కథకు తీర్పు చెప్పకూడదు. ఇందాక నర్సరావుపేట అమ్మ అడిగిందే, గ్రూపులో చెడతారా అని. ఎక్కడ చెడతారంటే, తాగిన రోజుల ముచ్చట్లలో. ఫలానా పెళ్ళిలో ఎన్ని క్వార్టర్లు లేపాం అని ఒకడు మొదలుపెడితే గదిలో అందరికీ నోరూరుతుంది. అందుకే కూర్చోగానే "పోయిన వారం నుంచి ఏం మెరుగైంది?" అని అడగండి. "ఎలా ఉన్నారు" అంటే కష్టాలే వస్తాయి. ఒకరు "గురువారం తాగలేదు" అంటే వెంటనే చప్పట్లు కొట్టించకండి. "ఎలా ఆగగలిగారు?" అని అడగండి. వినేవాళ్ళకి పనికొచ్చేది ఆ జవాబే. ఒకరు మాట్లాడుతుంటే తొమ్మిదిమంది వింటారు కదా, ఆ వినడం వృథా పోకూడదు.

శ్రోత: మరి ఆ పెద్దాయన?

డాక్టర్: డి షేజర్ వాళ్ళు అలాంటివాళ్ళని సందర్శకులు అనేవారు. మనింటికి చుట్టపుచూపుగా వచ్చినవాడికి పని చెప్పం కదా, మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాం. "మీ అబ్బాయిలు తెచ్చి దించితే వచ్చారు, అయినా గంటసేపు కూర్చున్నారు. వాళ్ళు మీ వెంటపడడం మానాలంటే వాళ్ళకి మీలో ఏం కనిపించాలి?" అని అడగండి. తాగుడు మాట ఎత్తక్కర్లేదు. ఫోన్ చేసి రమ్మనండి, మొన్న అందరం మీదపడ్డామని ఒప్పుకోండి.

శ్రోత: సారీ చెప్పమంటారా?

డాక్టర్: చెప్పండి. మీ పరువేం పోదు.

వ్యాఖ్యాత: 14416 టెలీ మానస్ నంబరు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చివరి కాల్, తణుకు నుంచి.

శ్రోత: సార్, నేనే తాగుతానండి. ఎవరూ చెయ్యమనలేదండి ఫోను.

డాక్టర్: మంచిదండీ. సున్నా నుంచి పది దాకా, మానడం మీకు ఎంత ముఖ్యం?

శ్రోత: మూడండి. అబద్ధం ఎందుకూ.

డాక్టర్: మూడు ఎందుకు? ఒకటి కాకుండా?

శ్రోత: అదేంటండీ, పది ఎందుకు కాదని అడుగుతారనుకున్నా.

డాక్టర్: అది అడిగితే మీ దగ్గర సాకులు రెడీగా ఉంటాయి.

శ్రోత: (నవ్వు) ఉన్నాయండి. ఒకటి ఎందుకు కాదంటే... మా అబ్బాయి టెన్త్ అండి. రాత్రిపూట లెక్కలు నన్నే అడిగేవాడు, నేను బాగా చెప్తానండి. ఇప్పుడు అడగట్లేదు.

డాక్టర్: లెక్కలు చెప్పే నాన్న మీరు. వాడు అడగకపోతే మీకు లోటుగా ఉంది.

శ్రోత: ఉందండి.

డాక్టర్: మూడు కాస్తా నాలుగయితే, మీ సాయంత్రంలో ఏం మారుతుంది?

శ్రోత: మిల్లు నుంచి వచ్చేటప్పుడు బస్టాండు దారి మానేసి కాలవగట్టు మీంచి ఇంటికొస్తానండి. అటు షాపుల్లేవు. అయితే దూరమండి, సైకిలు మీద అరగంట.

డాక్టర్: ఎప్పుడు మొదలు?

శ్రోత: ఇవాళ ఆదివారం, మిల్లు సెలవండి. రేపు చూస్తాను. ముందు సైకిలుకి గాలి కొట్టించాలండి.