నమస్కారం పట్టని పెట్టె

సభకు వచ్చిన పెద్దలకు, మిత్రులకు, పిల్లలకు నమస్కారం.

ఈ ఒక్క వాక్యాన్ని కంప్యూటర్‌లో దాచాలంటే ఎంత చోటు కావాలో నిన్న రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఇప్పుడు అంతటా వాడుతున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు తలా 3 బైట్లు పడతాయి. ఖాళీలు, కామాలు కలుపుకుని, చివరి చుక్కను వదిలేస్తే 136 బైట్లు తేలింది. నేను ఈ రోజు మాట్లాడబోయే యంత్రానికి ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లు. నా పలకరింపు అందులో ‘నమస్క’ దాకా వెళ్లి ఆగిపోతుంది. మిగతా అక్షరాలకు చోటు లేదు.

ఆ యంత్రం పేరు అటారీ వీడియో కంప్యూటర్ సిస్టమ్, ఇంట్లో టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడుకునే పెట్టె. తరువాతి రోజుల్లో అటారీ 2600 అన్నారు. 1977 సెప్టెంబరులో అమెరికాలో దాదాపు 200 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. దానికి పోటీగా బార్బీ బొమ్మలు చేసే మ్యాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ అనే యంత్రాన్ని తయారుచేసింది. 1979లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో అమ్మి చూసి, 1980లో దేశమంతటికీ తెచ్చింది. దాని ధర 300 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. అటారీలో ఉన్నది 8 బిట్ల ప్రాసెసర్, ఇంటెలివిజన్‌లో 16 బిట్లది. మెమరీ పది రెట్లకు పైగా ఎక్కువ. తెర మీద కదిలే బొమ్మలను 8 దాకా అది స్వయంగా నడపగలదు. టీవీ ప్రకటనల్లో రచయిత జార్జ్ ప్లింప్టన్ రెండు యంత్రాల బేస్‌బాల్ ఆటలను పక్కపక్కన పెట్టి చూపించేవారు. ఆ తేడా చూడటానికి నిపుణులు అక్కర్లేదు. ఒక వైపు మైదానం, పరుగెత్తే మనుషులు. మరో వైపు ఏవో కొన్ని గడులు.

అయినా ఇంటెలివిజన్ 1983 నాటికి సుమారు 30 లక్షలు అమ్ముడైంది. అటారీ తన జీవితకాలంలో దాదాపు 3 కోట్లు అమ్ముడైంది. ఆ జీవితకాలం 1992 దాకా సాగిందన్న మాట నిజమే, ఆ మేరకు లెక్కలో తగ్గింపు ఇచ్చుకోండి. ఎంత తగ్గించినా గెలిచింది ఎవరన్న దాంట్లో సందేహం రాదు.

ఎందుకు అని అడిగితే చాలామంది ఠక్కున చెప్పే జవాబు, అటారీ ముందుగా వచ్చింది కాబట్టి అని. నాకు ఆ జవాబు చాలదు. అటారీ కన్నా ముందే, 1976 నవంబరులోనే, ఫెయిర్‌చైల్డ్ కంపెనీ చానల్ ఎఫ్ అనే యంత్రాన్ని తెచ్చింది. కాట్రిడ్జ్, అంటే ఆట ప్రోగ్రాం దాచిన చిన్న డబ్బా, మార్చి ఆట మార్చుకునే పద్ధతి ఇళ్లకు వచ్చిందే దానితో. ఇంజనీర్ జెర్రీ లాసన్ చేసిన ఆ పని చరిత్రలో నిలిచిపోయింది, యంత్రం మాత్రం నిలవలేదు. ముందు రావడమే గెలుపైతే ఈ సభలో నేను చానల్ ఎఫ్ గురించి మాట్లాడుతూ ఉండాలి.

అసలు కథ 1980లో మలుపు తిరిగింది. జపాన్‌లో టైటో కంపెనీకి తొమోహిరో నిషికాడో 1978లో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ అప్పటికే ఆర్కేడ్‌లు అనే ఆటల కేంద్రాలను ఊపేస్తోంది. పిల్లలు నాణెం మీద నాణెం వేసి ఆడుతున్నారు. అటారీ దాని హక్కులు కొని ఇంటి యంత్రానికి తెచ్చింది. రిక్ మౌరర్ అనే ప్రోగ్రామర్ ఆ కాట్రిడ్జ్ రాశాడు. మొదటి ఏడాదిలోనే అది 10 లక్షలు దాటి అమ్ముడుపోయింది. ఆ ఒక్క ఆట కోసం యంత్రం కొన్న ఇళ్లు కోకొల్లలు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ఆటను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నా జవాబు సగం అందులోనే ఉంది.

పాత టీవీలో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి గీత తరువాత గీతగా బొమ్మ గీస్తూ పోతుంది. అమెరికా టీవీలకు 262 గీతలు, సెకనుకు 60 సార్లు. మామూలు పద్ధతిలో బొమ్మ మొత్తాన్ని ముందే మెమరీలో సిద్ధం చేసుకుంటారు. అటారీ తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 192. చుక్కకు ఒక్క బిట్టు ఇచ్చినా 3,840 బైట్లు కావాలి. ఉన్నవి 128. ఆనాటి మెమరీ ధరలతో ఆ పెట్టెను 200 డాలర్లకు ఇవ్వడం సాధ్యం కాదు. అందుకని జే మైనర్, జో డెక్యూర్, వారి తోటి ఇంజనీర్లు బొమ్మను దాచడమే మానేశారు. టీఐఏ అనే చిప్పుకు ఒక్క గీతకు సరిపడే వివరాలే తెలుసు. ఆటగాళ్లు ఇద్దరు, తూటాలు రెండు, బంతి ఒకటి, వెనుక గోడలు. అంతే. తరువాతి గీతలో ఏమి ఉండాలో కిరణం అక్కడికి చేరేలోపు ప్రోగ్రాం చెప్పాలి.

దేవుడి ఊరేగింపు వీధిలోకి వచ్చేసింది, పల్లకీ మన గడప ముందుకు వచ్చేలోపు ముగ్గు పూర్తి కావాలి అనుకోండి. పల్లకీ ఆగదు. ఇంటి ముందు ముగ్గు అవగానే పక్కింటి ముందు మొదలుపెట్టాలి. అటారీ ప్రోగ్రామర్ పని సరిగ్గా అలాంటిదే. ఒక్కో గీతకు ప్రాసెసర్ చేతిలో 76 టిక్కులు ఉంటాయి. అతి చిన్న ఆదేశానికే 2 టిక్కులు ఖర్చు. కిరణం తెర అడుగుకు చేరి మళ్లీ పైకి వెళ్లే ఆ కాస్త వ్యవధిలోనే ఎవరు ఎవరిని కొట్టారు, ఎన్ని పాయింట్లు వచ్చాయి అన్న లెక్కలన్నీ తేల్చాలి.

ఆటగాళ్లు ఇద్దరే అన్నాను. మరి స్పేస్ ఇన్వేడర్స్‌లో వరుసకు ఆరుగురు శత్రువులు ఎలా వచ్చారు? టీఐఏలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఒక ఆటగాడి బొమ్మను అదే గీతలో మూడుసార్లు గీయగలదు. యంత్రంతో పాటు ఇచ్చిన కాంబాట్ ఆటలో ఒకే పిల్లవాడు మూడు విమానాలను కలిపి నడిపేది దీనితోనే. ఇద్దరు ఆటగాళ్లు, మూడేసి ప్రతులు, ఆరుగురు శత్రువులు. కింది వరుసకు రాగానే అవే బొమ్మలకు కొత్త రూపం. అలా ఆరు వరుసలు, 36 మంది. ఆర్కేడ్‌లో ఉన్నవారు 55. తగ్గినందుకు ఏ పిల్లవాడూ బాధపడలేదు. కాట్రిడ్జ్‌లో 112 రకాలుగా ఆడుకునే వీలు ఇచ్చారు.

నన్ను ఇప్పటికీ కదిలించే సంగతి ఇదే. యంత్రం చేసినవారు టెన్నిస్ లాంటి బంతి ఆటను, ట్యాంకుల ఆటను మనసులో పెట్టుకుని చేశారు. కానీ మెమరీకి డబ్బు లేక, తెర మీద పెత్తనమంతా ప్రోగ్రాం చేతికి వదిలేశారు. పేదరికం వల్ల ఇచ్చిన స్వేచ్ఛ అది. ఏ గీత దగ్గర ఏ రంగు, ఏ బొమ్మ ఉండాలన్నది రాసేవాడి ఇష్టం.

ఇంటెలివిజన్‌లో దీనికి తలకిందులు. కాలిఫోర్నియాలోని పాసడెనాలో ఏపీహెచ్ అనే సలహా సంస్థ ఆ యంత్రానికి ‘ఎగ్జెక్’ అనే ప్రోగ్రాం రాసి లోపలే అమర్చింది. బొమ్మలు కదపడం, చేతి మీటలు చదవడం వంటి పనులన్నీ అది చూసుకుంటుంది. ఆట రాసేవారికి శ్రమ తగ్గుతుంది, కాట్రిడ్జ్‌లో చోటు మిగులుతుంది. ఆనాటి చిప్పుల ధరలు చూస్తే అది తెలివైన నిర్ణయమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఎగ్జెక్ బొమ్మలను సెకనుకు 20 సార్లే కదిపేది. ఆలోచించి ఎత్తులు వేసే ఆటలకు అది చాలు. క్షణంలో తప్పుకోవలసిన ఆటలకు చాలదు. మ్యాటెల్ ప్రోగ్రామర్లు ఎగ్జెక్‌ను పక్కకు నెట్టి రాయడం తరువాత నేర్చుకున్నారు. అప్పటికి ఆలస్యమైంది.

ఇంకో చిక్కు ఉంది. మ్యాటెల్ గర్వంగా చూపించిన బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఆటలు ఇద్దరు ఉంటేనే ఆడగలిగేవి. బడి నుంచి వచ్చి ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న పిల్లవాడికి ఆ అందమైన మైదానం ఏమి పనికొస్తుంది? అటారీ కాంబాట్ కూడా ఇద్దరి ఆటే. స్పేస్ ఇన్వేడర్స్ వచ్చాక ఆ పిల్లవాడికి తోడు అక్కర్లేకపోయింది.

చేతిలో పట్టుకునే మీటల సంగతి కూడా చెప్పాలి. ఇంటెలివిజన్ మీటలో ఫోను మీద ఉన్నట్టు 12 బటన్లు, పక్కల నాలుగు, కింది భాగంలో 16 దిక్కులకు నొక్కే గుండ్రటి బిళ్ల. ప్రతి ఆటకూ ఆ బటన్ల మీద ఒక ప్లాస్టిక్ రేకు దూర్చాలి, ఏ బటన్ దేనికో దాన్ని చూసి తెలుసుకోవాలి. అటారీకి ఒక కర్ర, ఒక ఎర్ర బటన్. తాతగారి చేతికి ఇచ్చినా అర్థమవుతుంది. పైగా ఆ తీగ కొనకు తొమ్మిది రంధ్రాల ప్లగ్గు ఉండేది, పాడైతే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. మొదటి ఇంటెలివిజన్‌లో మీటల తీగలు పెట్టెలోకే పాతుకుని ఉండేవి. దానికి కీబోర్డు తగిలించి కంప్యూటర్‌గా మారుస్తామని మ్యాటెల్ ఇచ్చిన మాట వాయిదాల మీద వాయిదాలు పడి, అమెరికా ప్రభుత్వ వ్యాపార నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కల్పించుకునే దాకా వెళ్లింది.

అటారీ యాజమాన్యం గొప్పదని మాత్రం అనుకోకండి. ఆటలు రాసినవారి పేర్లు అది బయటకు చెప్పేది కాదు. కాట్రిడ్జ్‌లు లక్షల్లో అమ్ముడైనా వారికి వాటా లేదు. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లన్ బయటకు వచ్చి 1979లో జిమ్ లెవీతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. ఆట చేసిన మనిషి పేరును జనానికి చెప్పారు. అటారీని వదిలి వెళ్లినా వారు అటారీ యంత్రానికే రాశారు, ఆ యంత్రం లోతు వారికి తెలుసు, అది ఉన్న ఇళ్లు ఎక్కువ. 1982లో క్రేన్ రాసిన పిట్‌ఫాల్ చూడండి. 4 కిలోబైట్ల కాట్రిడ్జ్‌లో 255 అడవి దృశ్యాలు. ఒక్క దృశ్యాన్ని కూడా అందులో దాచలేదు. ఒకే ఒక్క బైటును ఒక సూత్రం ప్రకారం మెలితిప్పుతూ పోతే, సున్నా తప్ప మిగిలిన 255 విలువలూ వరుసగా వస్తాయి. ఆ విలువను బట్టి చెట్లు ఎక్కడ, గుంట ఎక్కడ, మొసళ్లు ఎక్కడ అన్నది తేలుతుంది. సూత్రాన్ని వెనక్కు తిప్పితే వెనకటి దృశ్యం వస్తుంది. 128 బైట్ల ఇరుకులో పుట్టిన ఆలోచన ఇది.

అదే ఏడాది మ్యాటెల్ కూడా ఎమ్ నెట్‌వర్క్ అనే పేరుతో అటారీకి కాట్రిడ్జ్‌లు చేసి అమ్మడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అమెరికాలో ఆటల మార్కెట్టే కూలింది, 1984 మొదట్లో మ్యాటెల్ ఆ విభాగాన్ని మూసేసింది.

ఈ బల్ల మీద ఒక అటారీ జాయ్‌స్టిక్ పెట్టాను. దాని పక్కన మా ఇంట్లో 1990లలో ఆడుకున్న టీవీ గేమ్ మీట. ఇక్కడున్న చాలామంది అలాంటివి పట్టుకునే ఉంటారు. తీగల అమరిక వేరు గానీ, రెండింటి కొనలూ ఒకే తొమ్మిది రంధ్రాల ప్లగ్గు, చూడండి. పిల్లలు వచ్చి జాయ్‌స్టిక్‌ను రెండు చేతులతో పట్టుకోండి, ఎర్ర బటన్ ఎడమ బొటనవేలికి అందుతుంది. స్క్రూడ్రైవర్ కూడా తెచ్చాను. అడుగున నాలుగు మరలు ఉంటాయి. విప్పితే లోపల ఐదు స్విచ్చులు కనిపిస్తాయి, నాలుగు దిక్కులకు నాలుగు, బటన్‌కు ఒకటి.