గుడికి వచ్చినవాళ్లకూ ఊళ్లో ఉన్నవాళ్లకూ
(అలంపురంలో వారసత్వ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాక అమ్మాయి చక్కగా చదివింది, మళ్లీ చదవను. గోడవారగా నిలబడ్డ వాళ్లు వచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. పిల్లలూ, మీరు కాస్త జరగండి.

ఏటా నవంబర్ 19 నుంచి 25 దాకా ఈ వారోత్సవాలు వస్తాయి, ఏటా నాకు 'అలంపురం శిల్పకళ' అన్న విషయమే ఇస్తారు. ఈసారీ అదే ఇచ్చారు. చెబుతాను. కానీ కొంతసేపే. నా మనసులో వేరే సంగతి ఉంది, అది చెప్పకుండా ఇవాళ దిగను.

నవబ్రహ్మల పేర్లు ఎవరు చెబుతారు? చెప్పండి, సిగ్గెందుకు? తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. సరిగ్గా తొమ్మిది. తొమ్మిదింటిలోనూ శివుడే ఉన్నాడు. బాదామి చాళుక్యులు కట్టించిన గుళ్లు, ఏడో శతాబ్దం, ఎనిమిదో శతాబ్దం నాటివి. తారకబ్రహ్మ శిఖరం దక్షిణాది పద్ధతి, మిగతావి ఉత్తరాది నాగర పద్ధతి. తుంగభద్ర ఒడ్డున ఇంత చిన్న ఆవరణలో రెండు పద్ధతులూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. స్వర్గబ్రహ్మ వినయాదిత్యుడి కాలం నాటిది, అంటే 681కీ 696కీ మధ్య. ఆ గుడి చుట్టూ నెమ్మదిగా తిరగండి. మూలల్లో దిక్పాలకులు, గోడల్లో రాతి కిటికీలు, వాటి మీద తీగలు. పొద్దు వాలే వేళ ఎండ పక్కనుంచి పడితే ఆ తీగల్లో ఒక్కో ఆకు విడిగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం వచ్చినవాళ్లకు ఇదేమీ కనిపించదు, అంతా ఒకే ఎర్రరాయిలా ఉంటుంది.

మరి మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎప్పుడొస్తారు? మధ్యాహ్నమే. కర్నూలు నుంచో హైదరాబాదు నుంచో బయలుదేరి చౌరస్తా దగ్గర హైవే దిగి వస్తారు. జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మ దర్శనం, ఒక ఫోటో, అంతే, కారెక్కేస్తారు. మ్యూజియంలో లజ్జాగౌరి అన్న అమ్మవారి శిల్పం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. వాళ్లకు ఆసక్తి లేదని మనం తిట్టుకుంటాం. నేను ఒప్పుకోను. కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, వెళ్లడానికి బాత్రూం లేని చోట ఏ ఆడమనిషి గంటసేపు శిల్పం చూస్తుంది?

ఒక సంగతి చెబుతాను. ఇది విన్నవాళ్లు మళ్లీ వినండి, పరవాలేదు.

ఏప్రిల్ నెల. ఒక కుటుంబం వచ్చింది, చాలా దూరం నుంచి. వాళ్లతో ఒక పెద్దావిడ, షుగర్ మనిషి. దర్శనం అయింది. ఆవిడకు బాత్రూంకు వెళ్లాలి. కట్టింది ఉంది, దానికి తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడు. ఎవరి తాళం అని నేను చెప్పను, అది కాదు నా బాధ. ఆ పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఎండలో నిలబడి నేలకేసి చూస్తోంది. నోరు తెరిచి అడగడానికి సిగ్గు. ఆ వయసులో ఆ సిగ్గేమిటో ఇక్కడున్న అమ్మలందరికీ తెలుసు, నేను విడమరచి చెప్పక్కర్లేదు.

పక్క వీధిలో అరుగు మీద కూర్చున్న ఒకామె చూసింది. లేచి వచ్చి, "రా పెద్దమ్మా, ఇంట్లకు రా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. బకెట్టు నీళ్లు పెట్టింది. తర్వాత కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. పెద్దావిడ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. కొడుకు, కోడలు, పిల్లలు నిశ్చింతగా మ్యూజియం చూశారు, ఎండ తగ్గాక పాపనాశి గుళ్లకు పోయారు. సాయంత్రం దాకా ఊళ్లోనే ఉన్నారు. టీ తాగారు, పూలు కొన్నారు, ఆటోకు డబ్బులిచ్చారు.

వెళ్లేముందు ఆ ఇంటామె వాళ్లతో అంది, "సంగమేశ్వరుణ్ణి సూసిపోండి, అది మా గుడి."

ఆమెది కూడవల్లి. పిల్లలూ, వింటున్నారా? కూడవల్లి అన్న ఊరు ఇప్పుడు లేదు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద పోయింది. అక్కడి సంగమేశ్వరాలయం ఎత్తయిన అరుగు మీద కట్టిన చాళుక్యుల గుడి. దాన్ని మునగనివ్వకూడదని రాయి రాయికీ నెంబరు వేసి, విప్పి, మనూరికి తెచ్చి, మళ్లీ అదే వరుసలో పేర్చారు. పాపనాశి గుళ్లనూ అలాగే తెచ్చారు. గొప్ప పని. చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను.

ఆ మాటే ఒకసారి ఆమెతో అన్నాను. ఆమె అంది: "ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాల్నో రాసి పెట్టుకున్నరు టీచరమ్మా. మా ఇంటి పక్కన ఎవరుండాల్నో ఎవరూ రాయలే."

వాళ్ల వీధి ముక్కలై నాలుగు ఊళ్లకు పోయింది. బావి దగ్గర కలిసిన మనుషులు మళ్లీ కలవలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు శిల్పకళ ఒక్కటే మాట్లాడబుద్ధి కాదు. గుళ్లను కాపాడడం మనకు వచ్చు. ఆ చుట్టూ బతికే మనుషులకు కావలసింది కూడా అంత శ్రద్ధగా లెక్క రాసి చెయ్యాలని అడుగుతున్నాను. ఇదే నా సంగతి.

ఏమిటి కావలసింది? పెద్ద పెద్దవి కాదు. 2020 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 1 దాకా తుంగభద్ర పుష్కరాలు జరిగాయి కదా, కరోనా టెన్షన్‌లోనే జరిగాయి. ఆ పన్నెండు రోజులూ ఘాట్ దగ్గర లైట్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, ఊడ్చే మనుషులు. మళ్లీ పుష్కరాలు 2032లో. ఈలోపు నదికి స్నానానికి వెళ్లే మన ముసలివాళ్లకు ఘాట్ మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ వద్దా? గట్టు మీద రెండు బెంచీలు, ఒక లైటు వద్దా? గుడికీ నదికీ మధ్య గోడ ఉంది. అది ఉండాలి, 2009 అక్టోబర్ వరద చూసినవాళ్లెవరూ కాదనరు. గోడ ఉన్నా, ఇవతలి మనిషి రోజూ నది చూసుకునే దారి బాగుండాలి. ఆ దారి బాగుంటే వచ్చినవాళ్లూ అటే నడుస్తారు.

ఉర్సు వస్తుంది, షా అలీ పహిల్వాన్ దర్గాకు జనం వస్తారు. వాళ్లకూ కావలసింది అవే నీళ్లు, అదే నీడ, అదే తెరిచిన తలుపు.

చదువుకునే గది గురించి ఒక్క మాట. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఈ ఊళ్లోనే జరిగాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అప్పుడు ఉపరాష్ట్రపతి, ఆయన వచ్చారు. గడియారం రామకృష్ణశర్మ గారు ముందుండి నడిపించారు. మన శాసనాల మీద ఎంతో పని చేసిన మనిషి ఆయన. అంతటి సభకు ఆతిథ్యం ఇచ్చిన ఊరు ఇది. ఇవాళ పోటీ పరీక్షలకు చదివే పిల్లకు ఫ్యాను కింద ఒక కుర్చీ, సాయంత్రం ఏడు దాకా లైటు ఇవ్వలేమా? ఆ గదిలోనే ఒక బల్ల మీద శాసనాల పుస్తకాలు పెడదాం. బయటి నుంచి వచ్చినాయన కూడా అక్కడే కూర్చుని చదువుకుంటాడు. ఊరివాళ్లు వాడే గది అయితే ఎవరో ఒకరు తలుపు తీస్తారు, ఎవరో ఒకరు ఊడుస్తారు. టూరిస్టుల కోసమని విడిగా కట్టిన గది ఏమవుతుందో మనం చూశాం.

టైమైందని చీటీ పంపారు. అయిపోయింది, కూర్చోండి.

వరుసల్లో ఒక కాగితం తిరుగుతోంది. బాత్రూం తాళంచెవి ఒక జత గుడి దగ్గర పూలమ్మే ఆడవాళ్ల చేతికివ్వాలని, వాళ్లకు దానికి నెలజీతం కట్టాలని, ఘాట్‌కు కమ్మీ వెయ్యాలని అందులో రాశాం. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి, ఇంకు ప్యాడ్ తెచ్చాను. సోమవారం పొద్దున నేను తీసుకెళ్లి ఇస్తాను, నాతో ఎవరొస్తారో ఇప్పుడే చెయ్యెత్తండి.