4.35 క్వింటాళ్లంటే 435 కిలోలే

పెద్దలకు, సార్లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే. వేదిక మీది పేర్లన్నీ చదవను, టైం తక్కువుంది.

వెబ్ పేజీలకు ప్రోగ్రాములు రాసే భాష జావాస్క్రిప్ట్, దాని లెక్కల్లో దొర్లే తప్పుల మీద మాట్లాడమన్నరు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తదని మీకు తెలుసు. తెలిసి నవ్వుకుంటరు. అది నవ్వే ముచ్చట కాదు.

మా బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిండు. కాంటా మీద 4.35 క్వింటాళ్లు. తక్‌పట్టీ మీద, అంటే అమ్మకం చీటీ మీద, 434 కిలోలు! ఆ ఒక్క కిలో ఏదని అడిగితే "కంప్యూటర్ చెప్పింది, నేనేం జేస్త" అన్నడు గుమస్తా. ఆ దుకాణం పేరు చెప్పను. గుమస్తా దొంగ కాదు, తప్పు ప్రోగ్రాముల ఉన్నది.

ఇంటికొచ్చి బ్రౌజర్ కన్సోల్‌ల, అంటే జావాస్క్రిప్ట్ టైపు చేసి చూసే కిటికీల, 4.35ను 100తో గుణించి చూసిన. 434.99999999999994. ఎందుకు? 4.35ను బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1లతో, పూర్తిగా రాయలేం, మూడో వంతును దశాంశాల్లో రాయలేనట్టే. 64 బిట్లలో, అంటే 64 సున్నా-ఒకట్ల జాగల, పట్టినంతే దాస్తది, అది 4.35 కన్నా వెంట్రుకవాసి తక్కువ. పైథాన్, జావా అనే వేరే భాషల్ల కూడా ఇదే తీరు, దశాంశాలను దాచే ఐఈఈఈ 754 అనే ప్రామాణిక పద్ధతి. జావాస్క్రిప్ట్‌ను తిట్టకండి. ఆ గుణకారం మీద మ్యాథ్ ఫ్లోర్, అంటే చుక్క తర్వాతిది కోసేసే ఆదేశం, పెట్టినోళ్లను అడగండి. దగ్గరి పూర్ణాంకానికి తెచ్చే మ్యాథ్ రౌండ్ పెడితే 435 వచ్చేది. ఫ్లోర్ పెడితే తేడా పైకున్నప్పుడు రైతుకు ఏమీ రాదు, కిందికున్నప్పుడు కిలో పోతది. ఎప్పుడూ ఒక్క దిక్కుకే పోతదమ్మా, ఆలోచించండి!

ఇంకోటి. ఫారంల టైపు చేసిన అంకె అంకె కాదు, అక్షరాలు. రెండు బస్తాల తూకం 42, 43 కలిపితే 85 రాదు, 4243 వస్తది. తీసివేతకు మాత్రం అదే అక్షరాలను అంకెలు చేసుకుంటది, అందుకే తప్పు దొరకదు. ముందుగాల నంబర్‌గా మార్చి కలపండి. 

తూకాన్ని మొదట్నుంచే కిలోల్లో, అదీ పూర్ణాంకాల్లో తీసుకోండి. గ్రాములు కావాలంటే గ్రాముల్లోనే. డబ్బులు పైసల్లో. 9007199254740991 దాకా పూర్ణాంకాల్లో తప్పు రాదు, అంటే పైసల్లో లెక్కేసినా 90 లక్షల కోట్ల రూపాయలు. ఏ అడ్తికి చాలదు చెప్పండి? అంతకు మించితే 2020ల జావాస్క్రిప్ట్ ప్రమాణంల చేరిన బిగ్‌ఇంట్, పెద్ద పూర్ణాంకాలను పట్టే రకం, ఉన్నది.

మీల కొందరు రేపు మార్కెట్లకు, రేషన్ షాపులకు, సొసైటీలకు బిల్లింగు రాస్తరు. రాసినంక 4.35 వేసి చూడండి. 435 రాకపోతే ఆ ప్రోగ్రాం ఇయ్యకండి.