పిల్లాడి దిండు మీద రక్తం మరక, ఎక్కడ్నుంచి వచ్చింది?

(దిండు గలేబు కెమెరాకి దగ్గరగా)

ఇదిగో ఈ మరక చూడండి, రూపాయి బిళ్లంత ఉంది, మధ్యలో లేత గులాబీ, అంచు గోధుమ రంగు. మావోడికి ఏడాదిన్నర, రాత్రి ఏడవలేదు, లేవలేదు, పొద్దున్న చూస్తే ఇది. మా అత్తగారు దిష్టి అనేసి ఉప్పూ మిరపకాయలూ తీసేశారు, నేనేమో ఫోన్లో వెతికి ఇంకా బెదిరిపోయాను.

మాది పర్లాకిమిడి కదా, డాక్టర్ గారు ఒరియాలో "నాకరు రక్త?" అని అడిగితే ఆ కంగారులో నాకు కాదండీ, బాబుకి అన్నాను! నాకరు అంటే ముక్కులోంచి. పడుకున్నప్పుడు ముక్కులో రక్తం గొంతులోకి జారి చొంగతో బయటికొస్తుందంట, చలికాలం గాలి పొడిగా ఉంటే, పిల్లలు ముక్కు గెలికితే మామూలే. ఒక్క ముక్కులోంచే వాసనతో వస్తుంటే మాత్రం శనగ్గింజో పూసో ఇరుక్కుందేమో చూపించాలి.

మావోడిది ముక్కు కాదు. పై పెదవి లోపల, మధ్యలో చిగురుకి అంటుకుని సన్నటి పొర ఉంటుంది చూడండి, ముందురోజు సాయంత్రం గడప మీద పడినప్పుడు అది చిరిగింది, అప్పుడే ఆగిపోయింది గానీ నిద్రలో చప్పరిస్తే గడ్డకట్టింది ఊడి మళ్లీ కారింది. చాలావరకు కుట్లు లేకుండానే మానుతుంది, కానీ పెదవి ఎత్తిన ప్రతిసారీ మళ్లీ తెగుతుంది, ఆ సంగతి తెలీక నేను వచ్చిన చుట్టాలందరికీ ఎత్తి చూపించాను.

ఇంకా, ఏడాది దాటాక దవడ పళ్లొస్తాయి కదా, పన్ను పైకొచ్చేముందు చిగురు మీద నీలంగా బుడగ లేస్తుంది, దాన్ని గుచ్చకండి. నిద్రలో పెదవో బుగ్గో కొరుక్కోడం కూడా ఉంటుంది. ఉమ్ములో కలిస్తే ఒక్క చుక్కే చెంచాడంత కనబడుతుంది. రెండేళ్లలోపు వాళ్లకి చిగుళ్లు మొద్దుబారే జెల్ మీ అంతట మీరు రాయొద్దు.

కారుతుంటే కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, పెదవో చిగురో అయితే తడిపిన శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు అదమండి, మధ్యలో తీసి చూడకూడదు. ముక్కయితే మెత్తటి భాగం రెండువైపులా నొక్కి పట్టుకోండి. కాఫీపొడి, పసుపు, దూది నోట్లో పెట్టకండి, నిద్రలో గొంతుకి పోతాయి.

అలా పట్టుకున్నా ఆగకపోతే, దెబ్బ లేకుండా ఒంటి మీద కమిలిన మచ్చలుంటే, నొక్కినా పోని ఎర్రచుక్కలొస్తే, జ్వరంతో చిగుళ్లు కారుతుంటే, దగ్గులోనో వాంతిలోనో రక్తం పడితే, నాలుక పక్కన గాటు ఉండి పిల్లాడు మత్తుగా ఉంటే ఆగకండి, ఒడిశాలో కూడా 108 వస్తుంది. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డకి ఈ పొర చిరిగినా అదేరోజు చూపించాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే, మేనమామలకి రక్తం ఆగని జబ్బుంటే ఆ సంగతి చెప్పండి, ప్లేట్‌లెట్లు 1.5 లక్షలకి తగ్గాయా, గడ్డకట్టడం బావుందా అని టెస్ట్ చేస్తారు.

మరకకి ఫోటో తీసుకుని ఆ తర్వాతే ఉతకండి, అదీ చన్నీళ్లతో. నేను వేణ్ణీళ్లు పోశాను, ఇదిగో అందుకే ఇంకా ఇలా ఉంది.